సత్తు గిన్నెలు తోమిన చేయి

ఆ గది గడప ఆరోగ్యమ్మ పదకొండేళ్లు దాటలేదు.

గది ఆమె ఇంట్లోదే. ఒకప్పుడు అందులో బియ్యం బస్తాలు, కూతురు ఏంజెల్ చదువుకునే బల్ల ఉండేవి. ఏంజెల్ నర్సింగు చదివి ఖమ్మంలో ఉద్యోగానికి వెళ్లాక బల్ల మీదికి చిన్న చిన్న విమానాలు వచ్చాయి. ఆరోగ్యమ్మ చాయ్ తెచ్చి గడప దగ్గర నిలబడేది. ఆమె భర్త ఆంథోని లేచి వచ్చి గ్లాసు అందుకునేవాడు.

"లోపలికొస్తే ఏమైతది?"

"నీ చీర నూగు రాలుద్ది. తడి పెయింటు మీద ఒక్క పోగు పడితే, ఇంత విమానం మీద మోకు పడ్డట్టే."

"అయితే చీర కట్టుకోకుండ రమ్మంటవా?"

ఆంథోనికి చాయ్ గొంతుకు అడ్డం పడేది.

అతను సత్తుపల్లిలో లారీల షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్లు పెయింటరు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు. మూతికి కర్చీఫు కట్టుకునేవాడు, అదీ గుర్తుంటే. విమానాల పిచ్చి పట్టించింది తుల్సీరాం. ఆయన వైమానిక దళంలో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక దమ్మపేట దగ్గర పామాయిల్ తోట పెట్టుకున్నాడు. పాత స్కూటరుకు రంగు వేయించడానికి వచ్చి, ఆంథోని చేతి నునుపు చూసి, మరుసటి వారం ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఒక విమానం ప్లాస్టిక్ ముక్కలుగా ఉంది.

"అతికించడం నేను చేస్తా. రంగు నువ్వు వెయ్యాలి. కానీ రంగు వేసినట్టు కనపడొద్దు."

ఆ మాట అర్థం కావడానికి ఆంథోనికి రెండేళ్లు పట్టింది. కొన్ని విమానాలకు రంగు ఉండదు. ఒట్టి లోహం, వంటగిన్నెల సత్తు లాంటిదే. ప్లాస్టిక్కును ఆ లోహంలా చూపాలి. ముందు అద్దంలా మెరిసే నలుపు వేయాలి. అది బాగా ఆరాక, పెన్నులాంటి చిన్న గన్‌తో వెండి రంగు ఊదాలి. పొర మీద పొర, ఒక్కోటి ఆవిరంత పలచగా. అడుగున నలుపు కనపడీ కనపడకుండా ఉంటేనే పైన లోహం లోతుగా ఉంటుంది. నలుపులో నువ్వుగింజంత తప్పున్నా వెండి దాన్ని ఊరంతటికీ చెబుతుంది. మధ్యాహ్నం ఊరి పక్క బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగగానే ఆంథోని గన్ పక్కన పెట్టి కిటికీ మూసేవాడు. బొగ్గు దుమ్ము నలుపు మీద పడితే కంటికి ఆనదు. వెండి వేశాక ఆనుతుంది. అప్పుడు ఆని లాభం లేదు.

గడప ఇవతల నిలబడి ఆరోగ్యమ్మ ఇదంతా చూసింది. ఆమె చూస్తున్నదని ఆంథోనికి తెలియదు. చాయ్ గ్లాసు కోసం నిలబడిందనుకున్నాడు.

పోయిన వానాకాలం ఆంథోనికి దగ్గు పట్టుకుంది. వానలు పోయాయి, దగ్గు పోలేదు. ఏంజెల్ ఖమ్మం తీసుకెళ్లి చూపించింది. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూశాడు. తర్వాత, పెయింటు వాసన, థిన్నరు వాసన ఇక ముక్కుకు సోకకూడదన్నాడు. పోయిన ఊపిరి రాదు, ఉన్నది కాపాడుకోమన్నాడు.

ఆంథోని తలూపాడు. షెడ్డు మానేశాడు. గది తలుపు దగ్గరికి వేశాడు. లోపల బల్ల మీద ఒక విమానం మిగిలిపోయింది. నాట్ అనే చిన్న ఫైటరు, జానెడు. తుల్సీరాం పడుచుతనంలో ఏళ్ల తరబడి తుడిచి, బిగించి, ఆకాశానికి పంపిన రకం. దానికి నలుపు వేయడం వరకు అయింది.

ఆ తర్వాత ఆంథోని గోడ వైపు తిరిగి పడుకోవడం నేర్చుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే పలికేవాడు. అంతే.

ఆరోగ్యమ్మ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఆంథోని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిల్లలు బాగా తిన్నారా అని అడిగాడు. రాత్రికి కూర ఏమిటన్నాడు. ఆమెకు సంతోషమైంది. అతని మొహంలోకి చూసింది. మీసంలో తెల్ల వెంట్రుకలు ఎక్కువైనట్టు తోచింది. అతను ఎండ వైపు తల తిప్పాడు. తెల్ల వెంట్రుకలు మెరిశాయి.

ఆమె కొంగు తీసి అతని మీసం తుడిచింది. కొంగుకు వెండి అంటింది.

"ఎన్ని రోజుల నుంచి?"

"ఇయ్యాలే."

"యేసయ్య ఫొటో ఎదురుంగ ఉంది. చూసి చెప్పు."

ఆంథోని ఫొటో వైపు చూడలేదు. "నిన్న గన్ కడిగిన. ఇయ్యాల రంగు కలిపి అట్టముక్క మీద కొట్టి చూసిన. విమానం ముట్టలే. తుల్సీరాం సార్‌కు మాటిచ్చిన ఆరోగ్యం. అదొక్కటి అయితే చాలు."

"అదొక్కటి అయినంక ఇంకొకటి ఉంటది."

ఆమె మెట్టు మీద కూర్చుని కొంగున అంటిన వెండిని గోటితో గీకింది. అది రాలేదు.

"నేనేస్త," అంది.

"ఏంది?"

"విమానానికి. తలుపు మూసుకుంట. నువ్వు కిటికీ బయట కూసో. ఫోన్‌ల చెప్పు, నేను చేస్త. నీ పని నా చేతిల వచ్చిందనుకో, ఆ గదిలకు నువ్వు మళ్ల అడుగు పెట్టొద్దు."

"రాకపోతే?"

"రాకపోతే నీ ఊపిరి, నీ ఇష్టం."

ఆంథోని సరేనన్నాడు. చాలా తొందరగా అన్నాడు.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆరోగ్యమ్మ గది నేల మీద నీళ్లు చల్లింది, వాకిట్లో పొద్దున్నే చల్లినట్టు. దుమ్ము అణిగింది. చీర విప్పి, ఏంజెల్ వదిలిపెట్టిన రెయిన్‌కోటు తొడుక్కుంది. ఏంజెల్ తండ్రి కోసం తెచ్చిన, తండ్రి ఒక్కరోజూ పెట్టుకోని, ముక్కుకు రెండు పక్కలా గాలి వడగట్టే డబ్బాలున్న మాస్కు పెట్టుకుంది. తలుపుకు లోపల గడియ వేసింది. కిటికీ అద్దం అవతల, మూడు మూరల దూరంలో ఆంథోని ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నాడు.

"చేపల చెరువు కావలోడి లెక్కున్నవ్."

"పని చెప్పు."

చెప్పాడు. ఆమె చేసింది. ప్రతి ఏడు నవంబరులో సమాధుల పండుగకు ఆమె తన తల్లి సమాధి మీది ఇనుప శిలువకు వెండి రంగు వేస్తుంది. తుప్పు కనపడకుండా, చిక్కగా, నాలుగు వైపులా. ఆ చేయి ఇక్కడా అలాగే పోయింది. నలుపు పూర్తిగా మునిగిపోయింది. విమానం బూడిదరంగు ముద్దలా కూర్చుంది.

ఆంథోని అద్దానికి మొహం ఆనించి చూశాడు.

"మీ అమ్మ శిలువకు ఏసినట్టేసినవ్. ఇగ పువ్వులు, కొవ్వొత్తులు గూడ పెట్టు."

ఫోనులో నవ్వు వినిపించింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. అతను లేచి వచ్చి తలుపు తోయడం, గడియ కదలడం ఆమె చూసింది.

"తీయ్ ఆరోగ్యం. నీతో కాదు."

"నాతో కాలేదని నేను చెప్పాలె. నువ్వు కాదు. పోయి కూసో."

కాసేపటికి కుర్చీ చప్పుడైంది.

ఆ రోజంతా ఆమె ఆ వెండిని వాటర్ పేపరుతో, నీళ్లు పోస్తూ, అరగదీసింది. మళ్లీ నలుపు వేసింది. నలుపు ఆరడానికి నాలుగు రోజులు వదిలేసింది. ఆ నాలుగు రోజులూ గది తాళంచెవి ఆమె మంగళసూత్రం పక్కన వేలాడింది. బడిలో అన్నం వారుస్తుంటే అది గంజుకు తగిలి టంగుమనేది.

సెలవు రోజు పొద్దున మళ్లీ రెయిన్‌కోటు, మాస్కు, గడియ, ఫోను.

"దగ్గరికి తేవద్దు. ఊదినట్టు..."

"చెప్పకు. కొంచెం సేపు చెప్పకు."

ఆమె కళ్లు మూసుకుంది. గడప ఇవతలి నుంచి చూసిన మణికట్టు గుర్తు చేసుకుంది. గన్ రెక్క మీద మొదలు కాదు. రెక్కకు అవతల, గాలిలో మొదలై, రెక్క మీదుగా పోయి, ఇవతల గాలిలో ఆగుతుంది. రెక్క దాని దారిలో ఉంటుంది, అంతే. ఆమె కళ్లు తెరిచి చేయి కదిపింది. నలుపు మీద ఏదో పడీ పడనట్టు పడింది. ఆగింది. ఆరనిచ్చింది. మళ్లీ కదిపింది. అద్దం అవతల ఆంథోని తన కుడి మణికట్టు తిప్పుకుని చూసుకున్నాడు.

నాలుగో పొరకు నలుపు లోపలి నుంచి లోహం పైకి తేలింది.

"ఇప్పుడు టేపు తీయ్," అన్నాడు ఆంథోని. "ఒక్కో రేకు చుట్టూ టేపు అంటించి, వెండిల చుక్క నలుపు కలిపి..."

"సత్తు సంగతి నాకు చెప్తవా?"

ఆమె పాత నూలుగుడ్డ వేలికి చుట్టింది. బడిలో రోజూ నాలుగు పెద్ద సత్తు గంజులు బూడిదతో, కొబ్బరి పీచుతో తోముతుంది. మూత నడుమ మెరిసినట్టు అంచు మెరవదు. చెవులు పట్టుకునే చోట మెరుపు వేరు, రోజూ చేయి పడే మెరుపు. మాటు వేయించిన ముక్క ఎన్నేళ్లు తోమినా పక్కదానితో కలవదు. మంట తగిలే అడుగు ముందు గడ్డిరంగు అవుతుంది, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత నీలం.

ఒక రేకును నిలువుగా రుద్దింది. పక్కదాన్ని అడ్డంగా. పైలట్ కూర్చునే గాజు కింద ఒక రేకును అసలు రుద్దలేదు, మసకగా వదిలేసింది. తీసి మూసే చిన్న తలుపుల అంచులు వేలి కొసతో మెరిపించింది. తోక చివర, మంట వచ్చే చోట, గన్‌లో గోధుమరంగు పోసి ఒకసారి, నీలం పోసి ఒకసారి, దూరం నుంచి పోనిచ్చింది.

ఫోనులో మాట ఆగిపోయి చాలాసేపైంది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది, కొంచెం గరగరగా.

"ఫోను పెట్టేసినవా?"

"లే. ఉన్న."

మధ్యాహ్నం సైరన్ మోగేసరికి ఆమె విమానం మీద పళ్లెం బోర్లించింది.

మూడు రోజులకు తుల్సీరాం వచ్చాడు. డెబ్బై అయిదేళ్లు, ఇంకా అదే స్కూటరు. విమానాన్ని వాకిట్లో ఎండలోకి తీసుకెళ్లాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాడు. కొంచెం కొంచెంగా తిప్పాడు. తిప్పినకొద్దీ ఒక రేకు వెలిగి ఇంకోటి ఆరింది. ఆరోగ్యమ్మ ఆయన్ని చూడలేదు. ఆంథోని మీసం చూస్తూ నిలబడింది.

"ఆంథోనీ, నువ్వు ఇన్నేళ్లు వేసినవన్నీ కొత్త విమానాలు. ఇది ఎగిరొచ్చిన విమానం." మసక రేకు మీద ఆయన వేలు ఆగింది, తగలకుండా. "ఇక్కడ ఇంకో విమానం రేకు తెచ్చి వేసినం ఒకసారి. నీకెట్ల తెలిసింది?"

ఆంథోని ఊరుకుని ఉండొచ్చు. ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"చేయి మారింది సార్."

"ఎవరిది?"

ఆంథోని గడ్డంతో భార్య వైపు చూపించాడు. ఆమె వెండి అంటిన గోళ్లు కొంగులో దాచుకుంది.

"ఎక్కడ నేర్చుకున్నవమ్మా?"

"గంజులు తోమి, అన్నా."

ముసలాయన నవ్వలేదు. "మేము చేసిందీ అదే. తోముడే," అన్నాడు.

వెళ్లే ముందు స్కూటరు డిక్కీలోంచి ఇంకో విమానం తీశాడు, అతికించినది, రంగు లేనిది. ఆంథోని చేతులు వాటంతట అవే ముందుకు పోయాయి. అందుకున్నాడు. రెక్క కింద వేలు పెట్టి అతుకు నునుపు చూశాడు. గది దాకా నడిచాడు. గడప ముందు ఆగి, దాన్ని ఆరోగ్యమ్మ చేతిలో పెట్టాడు. ఆమె లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం అతనే చాయ్ పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. గ్లాసు పట్టుకుని గది దగ్గరికి వచ్చాడు. ఆమె బల్ల ముందు కూర్చుని కొత్త విమానాన్ని వేలితో తడుముతోంది. అతని కాలు లేచింది.

"ఆడనే నిలబడు," అంది ఆమె తల తిప్పకుండా. "లుంగీ నూగు రాలుద్ది."

అతను నిలబడ్డాడు. ఆమె లేచి వచ్చి గ్లాసు అందుకుంది.