అత్త ఖాకీ కాగితం

మా మేనత్త యాభై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతోంది. నేనేమో బట్టల కంపెనీలో కొత్త మోడళ్లకు ఇంగ్లిష్ పేర్లు పెడతాను. ‘ట్రెండీ’ పాతబడితే ‘వైరల్’, అదీ మొహం మొత్తితే ‘ఐకానిక్’. ఆ ఉద్యోగం చూసుకుని నాకు కాస్త పొగరు కూడా.

మొన్న అత్త కొట్టుకెళ్లి ఫోన్‌లో ఒక ప్యాంటు ఫొటో చూపించాను.

“అత్తా, ఇలాంటిది నాకొకటి కుట్టిపెట్టు. దీన్ని ‘ఫ్లూయిడ్ ఫ్లేర్’ అంటారు. ఇంకా మార్కెట్‌లోకే రాలేదు. పేరు పెట్టింది నేనే.”

అత్త కళ్లజోడు సవరించుకుని చూసింది. బట్ట మీద పెట్టి కత్తిరించడానికి నమూనాలుగా చేసుకుని గోడ మేకుకు తగిలించిన ఖాకీ కాగితాల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరిగిన చోటల్లా గుడ్డముక్కలు అతికించి ఉన్నాయి. అచ్చుగుద్దినట్టు ఫొటోలోని ప్యాంటు కాలే. అంచున అత్త గుండ్రటి చేతిరాతలో ‘బెల్‌బాటమ్’ అని ఉంది. దాని కింద బెల్స్, బూట్‌కట్, ఫ్లేర్. ఒక్కో పేరు ఒక్కో రంగు సిరాతో.

“అన్నిటికీ ఇదేనా?” అన్నాను.

“మోకాలి దగ్గర అరంగుళం అటూ ఇటూ. పేరు పట్టుకొచ్చిన ప్రతి పిల్లా, ఇది ఇంతవరకు ఎవరూ తొడగలేదనే అంది.”

నేను పుట్టకముందు నుంచే నా ప్యాంటు ఈ గోడకు వేలాడుతోంది.

అత్త పెన్ను మూత తీసింది. “ఏమన్నావ్, ఫ్లూయిడ్ ఫ్లేరా? మెల్లగా చెప్పు, రాసుకుంటాను.”

రాసింది. ఆ తర్వాత, ఇంకో పేరుకు చోటు చాలదని, కాగితం అడుగున కొత్త ముక్క అతికించింది.