రెండు రోజుల హాజరు

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, లోకాన్ని బాగుచేయడానికి మూడేళ్ల బి.ఏ. ఎక్కువనీ, నాలాంటివాడికి ఏడాదిన్నర చాలుననీ నేను గట్టిగా నమ్మేవాణ్ని. "రుజువేది?" అన్నది నా ఊతపదం. అమ్మ పప్పులో ఉప్పు సరిపోయిందంటే రుజువేదని అడిగేవాణ్ని (రుజువు గరిటెతో వచ్చేది). చిక్కడపల్లిలో మా ఇంటి ముందుగదిలో, మా నాన్న నేను కాలేజీలో చేరిన రోజే గోడకు ఒక మేకు కొట్టి పెట్టాడు. "ఈడ నా కొడుకు డిగ్రీ పట్టా వెడత," అని వచ్చినవాళ్లందరికీ ఆ వట్టి మేకునే చూపించేవాడు. మా ఇంట్లో అప్పటిదాకా పదో తరగతి దాటినవాడు లేడు. ఇంకా రాని పట్టాకు మేకు కొట్టడం శాస్త్రీయం కాదని నేను ఆయనతోనూ వాదించాను. ఆయన బట్టల దుకాణంలో ముప్పయ్యేళ్లు బేరాలు విన్న మనిషి, నా వాదన కూడా అట్లాగే చిరునవ్వుతో విని పక్కన పెట్టాడు.

నారాయణగూడలో మా కాలేజీ. మొదటి గంట తెలుగు. చెప్పే మాస్టారికి మేము పెట్టుకున్న పేరు పద్యం సారు. రిజిస్టరు తెరిచి, కళ్లు మూసుకుని, దేవుడి మీద ఒక పొడుగాటి పద్యం రాగమెత్తి పాడి, కళ్లు తెరవకుండానే "ఒకటీ, రెండూ" అని హాజరు మొదలుపెట్టేవారు. తరగతి గదిలో ప్రార్థన ఏమిటని నా అభ్యంతరం. (ఆ అభ్యంతరం ఇప్పటికీ ఉంది, దాన్ని చాటిన పద్ధతి మాత్రం లేదు.) అందుకని పద్యం మొదలవగానే లేచి బయటికి నడిచి, తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి, పద్యం అయ్యాక గంభీరంగా లోపలికి వచ్చేవాణ్ని. నా నంబరు నాలుగు. నా గాంభీర్యం ఎక్కువైన రోజుల్లో బెంచీ చేరేసరికి సారు ఏడో నంబరులో ఉండేవారు. "సార్, నాలుగు," అంటే, "పోయిన నంబరు పోయినట్టే," అనేవారు. బతిమాలడం ఉద్యమకారుడి లక్షణం కాదు కాబట్టి ఊరుకునేవాణ్ని. అట్లా రెండేళ్లు ఎట్లాగో గట్టెక్కి, మూడో ఏట మాత్రం గాంభీర్యం ముదిరి, పాఠం విన్న రోజున కూడా తరచూ గైరుహాజరైన ఏకైక విద్యార్థినయ్యాను.

పరీక్షల ముందు నోటీసుబోర్డులో పేర్లు పెట్టారు. ప్రతి సబ్జెక్టులో నూటికి డెబ్బై అయిదు హాజరు ఉంటేనే హాల్ టికెట్, లేకపోతే ఆ ఏడాది మళ్లీ చదవాలి. తెలుగులో నాకు సరిగ్గా రెండు రోజులు తక్కువ. ఇంట్లో మేకు కళ్లముందు మెదిలింది. ఆ సాయంత్రం అశోక్‌నగర్‌లో, మేమంతా 'నోటిఫికేషన్ అన్న' అని పిలిచే మనిషి గదికి పరుగెత్తాను. ఈ అన్న పల్లె నుంచి వచ్చి ఏళ్ల తరబడి సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్నవాడు. ఉద్యోగం తప్ప అన్ని నిబంధనలూ ఆయనకు వచ్చు.

"గింత దానికి పరేషాన్ ఎందుకు తమ్మీ? జబ్బు చేసిందని డాక్టర్ సర్టిఫికెట్ పెడితే రెండు రోజులు మాఫ్ అయితది. కామెర్లని రాయించుకొస్త తియ్."

"నాకు కామెర్లు రాలేదు గదా అన్నా."

"రూలుకు కావల్సింది కామెర్లు కాదు, కాగితం."

అబద్ధపు కాగితం పెట్టనన్నాను. బాబాల విభూతి బూటకమని ఊరంతా కరపత్రాలు పంచినవాణ్ని, లేని జబ్బు ఎట్లా తెచ్చుకోను? అన్న నన్ను జాలిగా చూసి, "మరి నిజం కాగితమేమన్న ఉన్నదా? కాలేజీ తరఫున ఆటలకో, డిబేట్లకో పోయినవా? ఆ దినాలకు హాజరేస్తరు," అన్నాడు.

ఉంది. అక్కడే వచ్చింది అసలు చిక్కు. అంతకు ఆరు నెలల కింద నల్లకుంటలో కాలేజీల మధ్య వక్తృత్వ పోటీ రెండు రోజులు జరిగింది. అంశం జ్యోతిషం శాస్త్రమా కాదా. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేల్చారు. నాకు వచ్చిన చీటీ 'శాస్త్రమే'. తప్పుకుందామనుకున్నాను, కానీ మైకు ముందు నిలబడ్డాక నా నోరు నా మాట వినలేదు. గ్రహాల గమనం గురించి ఎంత ఆవేశంగా మాట్లాడానంటే, మొదటి బహుమతి ఇస్తూ ఒక న్యాయనిర్ణేత నా చేతిలో తన మనవరాలి జాతకం పెట్టబోయాడు. ఆ సర్టిఫికెట్టును ట్రంకుపెట్టె అడుగున పాత పేపర్ల కింద పాతిపెట్టాను. దాన్ని చూపించి ఆ రెండు రోజుల హాజరు అడగలేదు కూడా. అసలు విషయం చెబితే అన్న మంచం మీద పడి దొర్లి నవ్వాడు. "తమ్మీ, నీ గ్రహాలు మంచిగున్నయ్ రా!"

మర్నాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పద్యం సారు ముందు నిలబడ్డాను. తీయడానికి చెయ్యి రాలేదు. ముందు న్యాయం కోసం వాదించాను. రోజూ తలుపు పక్కనే ఉన్నానన్నాను.

"ఉన్నవని రుజువేది?" అన్నారు సారు.

నా మాటే నాకు తగిలింది. రుజువుగా ఆయన రోజూ పాడే పద్యం మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను, రాగంతో సహా. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "లోపల కూసున్న నలభై మందిల ఒక్కనికి రాదు గదరా ఇది!" అని మురిసిపోయి, వెంటనే సర్దుకుని, "అయినా పద్యానికి హాజరు పడదు. కాగితం ఉంటే చెప్పు," అన్నారు.

ఇక తీయక తప్పలేదు. సారు చదివారు. మళ్లీ చదివారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన మాత్రం ఒక్క వెక్కిరింపు మాట అనలేదు. రిజిస్టరు తెరిచి రెండు గళ్లలో నాలుగో నంబరుకు హాజరు వేసి, సర్టిఫికెట్టు నా చేతికిస్తూ, "మంచిగ వాదించినట్టున్నవ్. ఎదుటి పక్షం కూడా తెల్వాలె, లేకుంటే నీ పక్షం నీకేం తెలుస్తది," అన్నారు. నేను చదివిన పుస్తకాల్లో ఆ మాట చాలాచోట్ల ఉంది, నాకు తగిలింది మాత్రం ఆ రోజే.

పరీక్ష రాశాను, పాసయ్యాను. పట్టా చేతికి రావడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. అంతవరకు మేకు ఖాళీగా ఉండటం నచ్చక, నాన్న నా ట్రంకుపెట్టె వెతికి, బంగారు రంగు అంచున్న ఆ సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి తగిలించాడు. పట్టా వచ్చాక తీసేయమంటే, "డిగ్రీ చానమందికొస్తది. ఫస్ట్ ప్రైజు ఎంతమందికొస్తది?" అన్నాడు. ఆయనతో వాదించి నెగ్గినవాడు ఎవరున్నారు? పట్టా ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

మొన్న ఒక అమ్మాయి, మూఢనమ్మకాల మీద నా వ్యాసాలన్నీ చదివానంటూ, చూడటానికి వచ్చింది. ముందుగదిలో కూర్చుని టీ తాగుతూ, "సార్, మీరు కాలేజీ రోజుల నుంచీ హేతువాదేనా?" అని అడిగింది.

"మొదటి రోజు నుంచీ!" అన్నాను, కొంచెం ఛాతీ విరిచే.

ఆ అమ్మాయి కళ్లు నా తల మీదుగా గోడ మీదికి వెళ్లాయి. 'జ్యోతిషం శాస్త్రమే, అనుకూల వాదన, ప్రథమ బహుమతి' అన్నదాకా నింపాదిగా చదివి, కప్పు కింద పెట్టి, ఎంతో మర్యాదగా అడిగింది.

"రుజువేమన్న ఉన్నదా సార్?"