మూడో అంతస్తు పాదరసం

వాతావరణ ఆఫీసులో ఆయన్ని అందరూ పాదరసం గారనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, చాటుగా. ముప్ఫై రెండేళ్ళుగా పాదరసం గొట్టం ముందు నిలబడి గాలి బరువు ఎంతుందో చదవడమే ఆయన ఉద్యోగం. ఏ దేశంలోనైనా సరే, ఒకే గడియారం ప్రకారం ఒకే వేళకి పరికరాలు చూసి, ఆ అంకెలు అన్ని దేశాలకీ పంపాలి. సరిహద్దులో తుపాకులు పేల్చుకునేవాళ్ళు కూడా వాన లెక్క మాత్రం టంచనుగా ఇచ్చిపుచ్చుకుంటారు. ఈ ముక్క ఆయన చెప్పని పెళ్ళి లేదు, చెప్పని చావూ లేదు.

చేతి గడియారం కూడా ఆ లోకపు టైముకే, అంటే మన టైముకి అయిదున్నర గంటలు వెనక్కి, పెట్టుకున్నాడు మహానుభావుడు. దాంతో ఏ విందుకెళ్ళినా జనం చేతులు కడుక్కుంటున్నప్పుడు చేరేవాడు. అది లోకానికి తాను చేసిన త్యాగమని బావమరిదికి గంటసేపు వివరించేవాడు. పాపం బావమరిది వినేవాడు, అక్క మొగుడు కదా.

ఆయన భార్యకి లాండ్రీ షాపుంది. మేడమీద బట్టలు ఆరెయ్యాలా వద్దా అన్నది ఆవిడ ఫోన్లో చూసుకునేది గానీ మొగుణ్ణి అడిగేది కాదు. అది చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. ఫోన్లో అంకె ఆకాశంలోంచి ఊడిపడిందనుకున్నావా, పొద్దున నేను పంపిందే సముద్రాలు దాటి వెళ్ళి, అక్కడి పెద్ద కంప్యూటర్లలో ఉడికి, నీ చేతిలోకొచ్చిందని అరిచేవాడు. ఉడక్కముందే ఇంట్లో ఓ మాట చెప్పొచ్చుగా అనేది ఆవిడ, క్లిప్పులు తీగకి తగిలిస్తూ.

ఇక ఆయన రిటైరవడానికి నెలరోజులుందనగా ఉత్తమ పరిశీలకుడి అవార్డు ఆయనకే అని పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. ఒక్కనాడూ అంకెలు ఆలస్యంగా పంపలేదట, అదీ అర్హత. సన్మానపత్రం తయారుచేసే పని టైపిస్టు మీద పడింది. ఆయన ఊరుకున్నాడా? మన అంకెలు సరిచూసే విదేశీ కేంద్రం వాళ్ళు నెలనెలా రిపోర్టులు పంపుతారు, మన స్టేషను నంబరు వెతుకు, మెచ్చుకున్న వాక్యం ఒకటి అందులో పెట్టు అన్నాడు. ఆ రిపోర్టులు పదకొండేళ్ళుగా వస్తూనే ఉన్నాయి. ఆఫీసులో ఒక్కడూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

టైపిస్టు వెతికింది. నంబరు దొరికింది. ప్రతి నెలా, ప్రతి రిపోర్టులోనూ ఉంది. అయితే అది "గాలి బరువు నమ్మదగనిది, వాడవద్దు" అన్న జాబితాలో ఉంది.

ఆయన ముందు నవ్వాడు. తర్వాత కాగితం తీసుకుని మూడో అంతస్తుకి ఎక్కాడు. గొట్టం ముందు నిలబడ్డాక గానీ సంగతి బుర్రకెక్కలేదు. పైకి పోయేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది, అందుకని పరికరం ఎంత ఎత్తులో ఉందో చూసి ఆ తేడా కలిపి పంపాలి. పదకొండేళ్ళ కిందట ఆఫీసరుగారికి మోకాళ్ళ నొప్పులొచ్చి కింది గది కావాల్సొచ్చింది. గొట్టాన్ని మూడో అంతస్తు స్టోర్‌రూముకి తోలేశారు. గోడకి అంటించిన పట్టిక మాత్రం కింది గదిదే. రోజూ ఆ పట్టిక చూసే ఆయన తేడా కలిపాడు. లోకం కళ్ళకి ఆ ఊరి మీద ఓ బుల్లి అల్పపీడనం పదకొండేళ్ళుగా కదలకుండా తిష్ఠ వేసుక్కూర్చుంది.

ఆఫీసరు మోకాళ్ళని, ఆయన ఏడు తరాలని తిట్టుకుంటూ కిందికి దిగాడు. టైపిస్టు నెమ్మదిగా ఇంకో ఫైలు ముందు పెట్టింది. పెద్దాఫీసు ద్వారా విదేశీ కేంద్రానికి ఏటా పంపే పత్రాలవి. "పరికరం చోటు మారిందా?" అన్న ప్రశ్నకి ఏటా "మార్పు లేదు" అనే ఉంది. కింద ఆయన సంతకం. పాత ఏడాది పత్రానికి తేదీ మార్చి పంపడం ఆ ఆఫీసు ఆనవాయితీ. చూడకుండా సంతకం పెట్టేవాడు ఈ శాఖకి పనికిరాడని కొత్తవాళ్ళందరికీ క్లాసు పీకింది కూడా ఈయనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే మరి.

ఆఫీసరు తలుపేసి మంచి మాటలు చెప్పాడు. ఇప్పుడు నిజం రాస్తే అవార్డు పోతుంది, వెళ్ళిపోయే ముందు సర్వీసు కాగితాల మీద మచ్చ పడుతుంది. అవార్డు తీసుకుని హాయిగా వెళ్ళండి, తర్వాత మేం చూసుకుంటాం అన్నాడు. ఆ ఆఫీసులో "చూసుకుంటాం" అన్న పని దేన్నీ ఎవడూ చూసుకున్నది లేదని ఆయనకి తెలుసు.

ఇంటికెళ్ళి భార్యకి అంతా చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది.

"నేను ఫోన్లో చూసేది మీ అంకే అనుకుని కదండీ చూసేదాన్ని."

ఆయనకి ఏడుపొచ్చింది. ముప్ఫై రెండేళ్ళలో ఆయన మాట నిజంగా నమ్మింది ఆ ఒక్కతే, ఆవిడకి చెప్పిందీ అబద్ధమే అయింది.

మర్నాడు ఆ ఏడాది పత్రం తన చేత్తోనే నింపాడు. పరికరం చోటు మారింది, పదకొండేళ్ళయింది, చూడకుండా సంతకాలు పెట్టింది నేనే, అని రాసి కొత్త ఎత్తు కొలిచి వేశాడు. పెద్దాఫీసు అవార్డుని పక్క ఊరి పరిశీలకుడికి మార్చేసింది. అతనూ ఎన్నడూ ఆలస్యం చెయ్యలేదట. అతని స్టేషను కూడా ఆ జాబితాలోనే ఉండటం టైపిస్టు చూసింది గానీ, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

విదేశీ కేంద్రం నుంచి రెండు వాక్యాల జవాబొచ్చింది. ఎత్తు సరిచేశాం, రేపటినుంచి మీ అంకెలు వాడుకుంటాం అని. అప్పటికి ఆయన రిటైర్‌మెంటుకి నాలుగు రోజులుంది. అంటే పదకొండేళ్ళ మీద ఆయన గొట్టం లోకానికి పనికొచ్చేది ఆ నాలుగు రోజులే. అందులో ఒక రోజు ఆదివారం, ఆయనకి సెలవు. ఆ రోజు కూడా వెళ్ళి చదివొచ్చాడు.