సబ్బు నురగ

గల్ఫ్‌లోని సహం పట్నంలో సెలవు రోజు శుక్రవారం వస్తే చాలు, మేస్త్రీ నాంపెల్లి చెవిమీద బీడీ పెట్టుకుని రూమ్ ముందు కుర్చీ వేస్తాడు, తోటివాళ్లకు గడ్డాలు గీస్తాడు. కత్తికంటే నోరే ఎక్కువ ఆడుతుంది. "కాయితాల్లేని కల్లివెల్లోళ్లను ఇంటికి తోలియ్యాలె. సగం జీతానికే ఒప్పుకొని మన కడుపు మీద కొడుతుండ్రు," అని ఆ రోజూ మొదలుపెట్టాడు. కుర్చీలో ఉన్న సమ్మయ్య కంపెనీ విడిచి పారిపోయి కల్లివెల్లి అయినవాడే. "మాకు బతికే హక్కు లేదా అన్నా?" అన్నాడు.

ఇంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. నాంపెల్లి గబగబా సమ్మయ్య ముఖానికి కళ్లదాకా నురగ పట్టించాడు. పోలీసు చూపించిన, గడ్డం మీసాలతో ఉన్న సమ్మయ్య ఫోటోను తిప్పితిప్పి చూసి, "మాలూమ్ నహీ" అన్నాడు.

జీపు వెళ్లిపోయాక గడ్డమంతా నున్నగా గీసేశాడు.

"ఆఁ, ఏడిదాక వచ్చినం? మీ అసొంటోళ్లను తోలియ్యాలె. తల ఎత్తు, మీసం గూడ తియ్యాలె."