కొండకు ఫోటో

పెళ్లి ఫోటోల మధ్య ఒక కొండ ఫోటో కనబడింది, తిరుపతిలో మా వీధి చివరి స్టూడియోలో. నలుపు తెలుపుల్లో కొండ, దాని నెత్తిన తెల్లటి మబ్బు. ఎక్కడిదని అడిగితే, "మన ఏర్పేడు కాడిదే సార్" అన్నాడు స్టూడియో ఆయన. చెవిలో పువ్వు పెడుతున్నాడనుకున్నాను. నేను పంతులుగా పనిచేసే ఊరికి రోజూ ఆ కొండ పక్కనుంచే బస్సులో పోతాను, దానికంత అందం ఎక్కడేడ్చింది!

అబద్ధం బయటపెడదామని ఒక ఆదివారం సాయంత్రం పోయి చూశాను. పొద్దు వాలేసరికి అచ్చం ఆ కొండే! నా తిక్క కుదిరింది. ఆనాటి నుంచి నాకూ ఫోటోల పిచ్చి పట్టుకుంది. అడిగి తెచ్చుకున్న కెమెరాతో ప్రతి ఆదివారం అక్కడే తేలేవాణ్ణి. కెమెరాకు ఎర్ర అద్దం బిగిస్తే మబ్బు తెల్లగా లేచి కనిపిస్తుందని స్టూడియో ఆయనే నేర్పాడు.

కొండ కింద ఒక అవ్వ వేరుశనగ చేను ఉండేది. నన్ను చూడగానే గట్టుమీదికొచ్చింది.

"ఎవురప్పా నువ్వు? సర్వే వోడివా?"

"కాదవ్వా, కొండను ఫోటో తీస్తా ఉండాను."

"కొండకు ఫోటో ఏందప్పా, దానికేమన్నా పెండ్లా?"

నవ్వి, ఒక కాపీ ఇస్తానన్నాను. ఆ సాయంత్రం తీసినంత మంచి ఫోటో నా జన్మలో మళ్లీ తీయలేదు. వారం తిరక్కముందే కవరు తీసుకెళ్లి గర్వంగా చూపించాను. అవ్వ కొండను చూడలేదు, మబ్బునూ చూడలేదు. కింద నల్లగా పడిన తన చేను మీద వేలు పెట్టింది.

"పచ్చంగా ఉండే సేనును నల్లంగా సేసినావా లేదా? ఆ మాట సెప్పు."

"ఆ అద్దంతో తీస్తే పచ్చదనం నల్లగా పడుతుందవ్వా. మబ్బు కోసం..."

"మబ్బు కోసం నా సేను మాడబెడతావా? ఎవురు పంపినారు నిన్ను?"

నాకు ఒళ్లు మండింది. "నీ చేను నాకెందుకవ్వా!" అని అరిచాను.

"అందురూ ఆ మాటే అంటారు. ఇది గవర్మెంటు ఇచ్చిన పట్టా నేల. బీడు పెడితే లాక్కుంటారు. పోయినేడు ఆఫీసర్లు రోడ్డు మీదే నిలబడి, పక్కోడి సేను బీడని రాసుకోని పోయినారు. వాడిప్పుడు పలమనేరులో కూలికి పోతా ఉండాడు. ఇట్లాంటి ఫోటో సూపిస్తే నా నేల నిలస్తాదా?"

ఫోటో ఆమె చేతిలోనే వదిలేశాను.

"దీనికి ఫిలిం ఉంటాదంట గదా, అదీ ఇయ్" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. "అదొక్కటీ అడగొద్దవ్వా. అట్లాంటి ఫోటో మళ్లీ రాదు."

"సేనొస్తాదా?"

కవరులోంచి నెగటివ్ తీసి ఇచ్చాను. ఫోటోతో కలిపి నడుముకు దోపుకుంది. అయినా కదల్లేదు.

"ఇంగేమన్నా దాసినావా?"

సంచి తిరగేసి గట్టుమీద దులిపి చూపించాను.