అప్పన్నకి మొక్కిన జుట్టు

మా అమ్మాయి తలమీది జుట్టు మాది కాదు. అది సింహాచలం అప్పన్నది. నూనె రాసి, దువ్వి, జడలు వేసి దాన్ని కాపాడటం వరకే మా పని. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క పేలకి తప్ప.

పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. అరచేతిలో పట్టేంత ముఖం, దానిమీద గొట్టాలు. నేను మంచం మీంచి లేవలేను. మా ఆయన డాక్టర్ల గది ముందు నిలబడి నిలబడి గోడకి జారబడిపోయాడు. మా అత్త ఒక్కతే వరండాలో పడమటి వైపు తిరిగి కూర్చుని, సముద్రం అవతల ఉన్న కొండకి దండం పెట్టుకుంది. "సామీ, గుంటని బతికించు. పుట్టెంట్రుకలు నీ కొండ మీదే తీయిత్తాను. అందాకా కత్తెర ముట్టనియ్యను." పిల్ల బతికింది. బతకడమేమిటి, ఇప్పుడు పైకప్పు లేచిపోయేలా అల్లరి చేస్తోంది.

మా అత్తది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు. పెళ్ళయ్యాక ఓడెక్కి వచ్చి మిన్నీ బేలో కాపరం పెట్టింది. మామయ్య చేపలవేటకి పోయేవాడు, ఇప్పుడు మా ఆయన ఆ డోంగీ పడవకే కొత్త ఇంజను బిగించుకుని పోతున్నాడు. నేను దీవిలోనే పుట్టాను, ఆస్టినాబాద్ పిల్లని. హార్డ్‌వేర్ కొట్లో బిల్లులు కొడతాను, రోజంతా హిందీ మాట్లాడతాను, ఇంటికొచ్చాక అత్తతో తెలుగులో దెబ్బలాడతాను. ఇద్దరికీ నోరు పెద్దదే. అయినా ఒకరి చేతి కూర లేకపోతే ఒకరికి ముద్ద దిగదు.

పుట్టువెంట్రుకలు ఎప్పుడంటే అప్పుడు తీయడానికి లేదు. ఏడాదిలోపు కానివ్వాలి, తప్పితే మూడో ఏడు, అదీ తప్పితే అయిదో ఏడు. సరి ఏడు పనికిరాదు. పక్కూళ్ళో గుడి ఉన్నవాళ్ళకి ఇదేం పెద్ద పని కాదు. మాకు మధ్యలో సముద్రం ఉంది. మొదటి ఏడు పిల్లకి ప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. మూడో ఏటికి కరోనా. అయిదో ఏడు లైన్లో నిలబడి వైజాగ్ ఓడకి టికెట్లు సంపాదించాం, అత్త మినపసున్ని ఉండలు కూడా చుట్టింది. తీరా ఓడ రిపేరుకి పోయిందని కౌంటర్లో చెప్పారు. విమానంలో పోదాం అంటే అత్త వినదు. "గాల్లో ఎల్లేదాంట్లోకి నానెక్కను. సచ్చినా ఎక్కను." ఇంక ఏం చెప్పమంటారు? ఆ ఉండలు వీధి పిల్లలు తిన్నారు.

అలా పిల్ల స్కూలుకెళ్ళే నాటికి జుట్టు నడుము దాటింది. ఒత్తు, నలుపు, వేలు పెడితే బయటికి రాదు. అచ్చం అత్త జుట్టే. అరవై దాటినా అత్త ముడి నా గుప్పెట్లో పట్టదు. ఆ ముడంటే ఆవిడకి ప్రాణం. మామయ్య బతికున్నప్పుడు వేట నుంచి వస్తూ వస్తూ తనకి బీడీలు మర్చిపోయినా, అత్తకి కొబ్బరినూనె మర్చిపోయేవాడు కాదట. తిరుపతి వెళ్ళినప్పుడు వెంట వచ్చిన ఆడవాళ్ళందరూ గుండు చేయించుకుంటే, అత్త మాత్రం మూడు కత్తెర్లు ఇచ్చి, కొంగు బిగించి లేచొచ్చేసింది. "దేవుడికి నా జుట్టెందుకు? ఆయనకి మా ఆయనున్నట్టు ఆవిడుంది కదా" అందట. ఏం అర్థమో నాకిప్పటికీ తెలీదు, అన్నందుకు మాత్రం నవ్వొస్తుంది.

సరే, పేలు. ఒకటో క్లాసులో ఎవరి తల నుంచి ఎవరి తలకి వచ్చాయో దేవుడికే తెలియాలి. ముప్ఫైమంది పిల్లలు తలలు కలిపి ఒకే బొమ్మల పుస్తకం చూస్తుంటే ఎవర్నని ఏమంటాం? ఒకరోజు పిల్ల భోజనం చేస్తూ ఎడమ చేత్తో గోక్కుంటోంది. అత్త పాయ తీసి చూసి, "ఓలమ్మా! సంత పెట్టేసినాయే!" అంది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు పేలు చూడటమే పని. ఇంటి వెనక మెట్ల మీద అత్త పైమెట్టున, పిల్ల కిందిమెట్టున అత్త మోకాళ్ళ మధ్య. ఎదురుగా ఆటుకి నీళ్ళు వెనక్కి పోయి బురద తేలిన తీరం. అత్త పాయ పాయ విడదీసి, దొరికినదాన్ని బొటనవేలి గోళ్ళ మధ్య పెట్టి కుక్కేది. టిక్ అని చప్పుడు రాగానే పిల్ల "ఔర్ ఏక్, నానమ్మా!" అని చప్పట్లు కొట్టేది. మధ్యలో తాతయ్య కథలు, ఓడ కథలు, అప్పన్న కొండ మెట్ల కథలు. నేను కొట్టు నుంచి వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉండేవారు. నిజం చెప్పాలంటే నాకు కాస్త కుళ్ళు కూడా. నా ఒళ్ళో ఆ పిల్ల అంతసేపు ఎప్పుడూ కదలకుండా కూర్చోలేదు.

మందుల షాపులో లోషన్ తెచ్చాం. తగ్గాయి. మళ్ళీ వచ్చాయి. క్లాసులో మిగతా తలలు అలాగే ఉంటే మా ఇంట్లో ఒక్క తల కడిగి లాభమేముంది? కాకపోతే మిగతావాళ్ళు జుట్టు కత్తిరించేసుకున్నారు. మగపిల్లలకి మిషన్ కొట్టించారు, ఆడపిల్లలకి చెవుల దాకా. ఇంక ఆ క్లాసులో మిగిలిన అడవి మా పిల్ల తలే. పిల్లలు "జూవాలీ" అని పేరు పెట్టారు, అంటే పేలమ్మ అన్నమాట. మేడమ్ మంచిదే. గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచి, హిందీలో మెల్లగా, "దీదీ, ఏమీ అనుకోకండి. నా తలలోకీ వచ్చాయి. కొంచెం కత్తిరిస్తే అయిపోతుంది కదా" అంది. మొక్కు సంగతి చెప్పాను. పాపం, తలూపింది. కానీ ఆమెకి మాత్రం ఏం దారి ఉంది?

స్కూల్ డేకి సీతాకోకచిలకల డాన్సు పెట్టారు. ఇద్దరిద్దరు ఆడపిల్లలు తలలు ఆనించి చేతులు రెక్కల్లా ఊపాలి. మా పిల్లకి జంటగా పెట్టిన పిల్ల వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. నేనైనా ఒప్పుకోనేమో. మర్నాడు పిల్ల ఇంటికొచ్చి సంతోషంగా చెప్పింది. "నానమ్మా, నేను చెట్టు! వెనకాల నిలబడతా. కదలకూడదు!"

"జంటెవర్రా?" అంది అత్త.

"చెట్టుకి జంట ఉండదు నానమ్మా. చెట్టుని ఎవ్వరూ టచ్ చెయ్యకూడదు, మేడమ్ చెప్పింది."

అత్త ముఖం చూడలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పెట్టాను. కాసేపాగి బయటికొచ్చి, "ఇంకెన్నాళ్ళత్తా? కత్తిరించి దాచిపెడదాం, ఓడ దొరికినప్పుడు పట్టుకెళ్దాం" అన్నాను.

"అది మనది కాదే. ఇత్తానన్న వస్తువు మధ్యలో ముక్క కోసుకుంటామా? ఏడో ఏడొత్తంది. ఈసారి ఓడ దొరుకుతాది."

"ఓడ దొరికేదాకా నీ మనవరాలు చెట్టేనా?"

మా ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంజన్లో ఆయిల్ చూసుకోవాలని లేచి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక ఇంజను దొరుకుతుంది.

మర్నాడు నేను కొట్లో ఉండగా అత్త తన ఊరి వైద్యం మొదలుపెట్టింది. సీతాఫలం గింజలు నూరి నూనెలో కలిపి, పిల్ల తలకి దట్టంగా పట్టించి గుడ్డ కట్టిందట. అక్కడ వాళ్ళమ్మ తనకి అలాగే చేసేదట. ఉక్కకి చెమట పట్టి, ఆ నూనె కారి, పిల్ల కన్ను నులుముకుంది. ఆసుపత్రికి రమ్మని నాకు ఫోనొచ్చింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి పిల్ల ఆసుపత్రి బల్ల మీద గుక్కపట్టి ఏడుస్తోంది. కన్ను దొండపండులా ఉంది. డాక్టరు కడిగి, చుక్కలు వేసి, "టైమ్‌కి తెచ్చారు. ఆ గింజలు కంటికి విషం. ఇంకెప్పుడూ చెయ్యకండి" అన్నాడు. అత్త గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు. నూనె చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది.

తెల్లారింది. నేను లేచేసరికి వెనక మెట్ల మీద ఇద్దరూ ఎప్పట్లాగే కూర్చుని ఉన్నారు. పిల్ల ఒక కంటికి గుడ్డ. అత్త చేతిలో వలలు బాగుచేసే కత్తెర. నేను చూస్తుండగానే మెడ దగ్గర జడ పట్టుకుని కరకర కోసేసింది. ఆ పెద్ద కత్తెరకి కూడా తొందరగా తెగలేదు ఆ జుట్టు. తర్వాత మిగిలినది కూడా రెండు వేళ్ళ ఎత్తు ఉంచి తీసేసింది. ఏడవలేదు. ఏడ్చుంటే నేను దగ్గరకెళ్ళేదాన్ని. కోసిన జడని పసుపు రాసిన గుడ్డలో చుట్టి, దేవుడి పటం వెనక పెట్టి, "మాట తప్పింది నాను సామీ. గుంట కాదు. గుర్తెట్టుకో" అంది.

పిల్లకేం, తేలికైన తలని అటూ ఇటూ ఊపుకుంటూ నవ్వుతోంది. కన్ను నాలుగు రోజుల్లో తేటపడింది, పేలు పోయాయి. స్కూల్ డేకి మేడమ్ మళ్ళీ జంట కలిపింది. తలకి రిబ్బను కట్టి కాగితపు పూలు గుచ్చారు. రెండు తలలు ఆనించి రెక్కలు ఊపుతుంటే నేను ఫోన్లో వీడియో తీశాను. అత్త చివరి వరసలో కూర్చుంది. చప్పట్లు కొట్టింది.

ఆ వారంలోనే వైజాగ్ ఓడ ప్రకటించారు. అంతకు ముందు వారం ప్రకటించి ఉంటే ఏం పోయేది? ఆ ఓడవాళ్ళ మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చౌల్దారీలో ఉండే అత్త చుట్టం ఒకామె వెళ్తోంది, ఆమెతో కలిపి టికెట్టు తీశాం. పిల్లని కూడా పంపుతాం అన్నాడు మా ఆయన. అత్త ఒప్పుకోలేదు. "దాని పరీచ్చలు పాడుసేయకు. మొక్కింది నాను. నానెల్తాను." పసుపుగుడ్డ మూట సంచీ అడుగున సర్దుకుంది. నేను ఉండలు చుట్టిచ్చాను. ఈసారి వీధి పిల్లలకి మిగల్లేదు.

కొండ మీంచి ఫోన్ చేసింది. "అయిపోనాదే" అంది. ఏమైపోయిందని అడిగితే సరిగా వినపడటం లేదని పెట్టేసింది. ఆవిడకి వినపడకపోవడమేమిటి?

హాడ్డో జెట్టీకి మేం ముగ్గురం వెళ్ళాం. జనంలోంచి అత్త వస్తోంది. ఎండకి కొంగు నెత్తిన కప్పుకుందనుకున్నాను. పిల్ల "నానమ్మా!" అని పరుగెత్తి నడుం వాటేసుకుంది. సముద్రపు గాలికి కొంగు జారింది.

ముడి లేదు. మామయ్య నూనె తెచ్చిన జుట్టు, తిరుపతిలో కూడా ఇవ్వని జుట్టు, ఏమీ లేదు. నున్నటి గుండు మీద ఎండ మెరుస్తోంది, గంధం ఇంకా చెవుల వెనక అంటుకుని ఉంది. మా ఆయన "అమ్మా" అని అక్కడే ఆగిపోయాడు. ఎందుకు చేశావత్తా, ఎవరడిగారు నిన్ను, కోసిన జడ చాలదా ఆయనకి, అని అరవాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ జుట్టు మళ్ళీ ఆ ఒత్తున పెరగలేదు. తెల్లగా, పల్చగా, పిల్లి తోకంత వచ్చి ఆగిపోయింది. సాయంత్రాలు ఆ మెట్ల మీద ఇప్పుడెవరూ కూర్చోవడం లేదు. చూడటానికి తలల్లో పేలు లేవు కదా.

ఆ రోజు జెట్టీ మీద అత్త వంగగానే పిల్ల మాత్రం చెయ్యెత్తి ఆ గుండు మీద అరచేయి పెట్టింది. నెమ్మదిగా తడిమింది. ముఖం చిన్నబుచ్చుకుని అడిగింది. "నానమ్మా, నీక్కూడా జూ పట్టాయా?"

అత్త సంచీ కింద పెట్టి, ఇంకాస్త వంగి, పిల్ల నెత్తి మీద కొత్తగా మొలుస్తున్న జుట్టు వాసన చూసింది.

"అవునే గుంటా. నీయే. అన్నీ నా తలకెక్కించేసుకున్నాను. ఇంక నీకు రావులే."