దగ్గు తుపాకికి మొదటి ర్యాంకు

లోకంలో కొందరు రాజ్యాలకి సరిహద్దులు గీశారు. కొందరు నక్షత్రాలకి పేర్లు పెట్టారు. ఇంకొందరు సముద్రాల లోతు కొలిచారు. మా బావ ఒక ఆన్‌లైన్ తుపాకుల ఆటలో పాతబడిపోయిన సీజన్ల ఆయుధాలకి ర్యాంకులు ఇచ్చాడు. పై మూడు పనులూ ఏదో ఒకనాటికి ఓ కొలిక్కి వచ్చాయి. బావ పని ఆరేళ్ళయినా తెమల్లేదు. అప్పటికే ముప్పై ఎనిమిది సవరణలు జరిగాయి.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. నలుగురు కలిస్తే ఒక జట్టు. మూడు నెలలకోసారి కొత్త సీజన్ వస్తుంది, దాంతో కొత్త తుపాకులు దిగుతాయి. ప్రపంచమంతా వాటి మీద ఎగబడుతుంది. పాతవి ఆటలోనే 'పాత సామాన్ల గది'లో మూలపడి ఉంటాయి. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. ఎవరికీ అక్కర్లేదు. మా బావకి అక్కర.

బావ పళ్ళ సెట్లు చేస్తాడు. వీధి వీధంతా ఆయన్ని పళ్ళ మాస్టారు అంటుంది. ముందు గదిలో ఒక కుర్చీ, ఒక అద్దం. వెనక గదిలో పళ్ళు అరగదీసే చక్రం, ప్లాస్టర్ డబ్బాలు, బీరువా నిండా నవ్వుతున్న దవడల అచ్చులు. ఆ అచ్చుల పైన, గోడకి నాలుగు మేకులు కొట్టి, జాబితా. ముప్పై ఒక్క ఆయుధాలు, గుండ్రటి అక్షరాలు, ర్యాంకుల గడి మాత్రం పెన్సిల్‌తో. దాన్ని ముట్టుకునే ముందు బావ చేతులు కడుక్కునేవాడు. పళ్ళు ముట్టుకునే ముందు కూడా కడుక్కునేవాడు గానీ, ఇంత భక్తిగా కాదు.

జాబితాలో మొదటి స్థానం మూడో సీజన్‌లో వచ్చిన ఒక చలికాలపు తుపాకిది. అసలు పేరు ఏదో ఉంది, ఎవరికీ గుర్తులేదు. పేలినప్పుడు ముసలాయన దగ్గినట్టు దగ్గేది కాబట్టి దగ్గు తుపాకి అనేవాళ్ళం. ఒకసారి దగ్గాక మళ్ళీ దగ్గడానికి ఊపిరి తీసుకునేది. ఈలోగా శత్రువు వచ్చి, చూసి, జాలిపడి, కాల్చేవాడు. ముప్పై ఎనిమిది సవరణల్లోనూ అది మొదటి స్థానంలోంచి కదల్లేదు.

కొత్త సెట్టు పెట్టాక పది నిమిషాలు నోరు మూసుకుని కూచోమనేవాడు బావ. ఆ పది నిమిషాలూ జాబితా గురించి ఉపన్యాసం. ఎదుటి మనిషికి పారిపోయే దారి లేదు, ఎదురు చెప్పే నోరు లేదు. ఒక పెద్దాయన అలా పది నిమిషాలు విని, టైమవగానే నోరు తెరిచాడు. ఏడాదిగా బోసినోటితో ఉన్న మనిషి. కొత్త పళ్ళతో ఆయన పలికిన మొదటి వాక్యం ఇది:

"దగ్గు తుపాకి మొదటిదేమిటయ్యా, నీకు మతి పోయిందా?"

"ఉచ్చారణ బాగా వచ్చింది. సెట్టు సరిపోయినట్టే," అన్నాడు బావ.

మా జట్టులో నలుగురం. బావ నాయకుడు. అక్క గురి తప్పదు. శత్రువుని పడగొట్టి, ఆ చేత్తోనే ఫోన్ పక్కన పెట్టి బట్టలు మడతపెట్టేది. పక్క కొట్లో పాస్‌పోర్టు ఫొటోలు తీసే ఫొటోగ్రాఫరు మూడో మనిషి. ఆయన ఆటలో కూడా కాల్చే ముందు 'కదలకండి' అనేవాడు. నాలుగోవాణ్ణి నేను.

నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ప్రెస్సు మూతపడి, అక్కావాళ్ళ ఊళ్ళో ఓ గది తీసుకున్న కొత్తలో నా దినచర్య గోడ చూడటం. ఒక గోడ అయిపోతే ఇంకో గోడ. అక్కే బలవంతాన ఆదివారం మధ్యాహ్నాలు ఆటకి లాక్కొచ్చింది. మొదటి నెల నేను కాల్చినవి దాదాపు అన్నీ గాలికే తగిలాయి. "నా వల్ల కాదు, నేను మానేస్తా," అన్నాను. సరిగ్గా ఆ మరుసటి ఆదివారమే గోడ మీద జాబితా వెలిసింది. దానితోపాటు ఒక శాసనం కూడా: మొదటి ర్యాంకు ఆయుధం ప్రతి ఆటలోనూ జట్టులో ఒకరి చేతిలో ఉండి తీరాలి.

"చిన్నవాడివి, నువ్వు మోయరా," అన్నాడు బావ.

ఆరేళ్ళు మోశాను.

ఇంకో ఆచారం కూడా ఉండేది. ఆట మొదలయ్యే ముందు నేను పాత తుపాకుల్లోంచి ఒక్కోవారం అయిదారు తీసి, ఒక్కోదానితో పదిసార్లు ఆటలో గోడ మీద గీసి ఉన్న సున్నాకి గురిపెట్టి కాల్చాలి.

"ఎందుకు బావా?"

"తుప్పు వదలద్దూ?"

"ఫోన్‌లో బొమ్మకి తుప్పేమిటి బావా!"

"వాడకపోతే దేనికైనా పడుతుంది. కాల్చు."

నేను కాలుస్తుంటే వెనక స్టూలు మీద కూచుని పెన్సిల్‌తో ఏదో గీసుకునేవాడు. రేపటి పళ్ళ కొలతలనుకునేవాణ్ణి. తుప్పు వదిలాక ఒక్కోసారి లేచి, గొంతు సవరించుకుని ప్రకటించేవాడు: "ఇరవై రెండో సవరణ. మెరుపు రైఫిల్ పన్నెండు నుంచి ఇరవై ఆరుకి."

"ఏం నేరం చేసింది మాస్టారూ?" అనేవాడు ఫొటోగ్రాఫరు.

"ఈ మధ్య దాని పద్ధతి బాగాలేదు."

తప్పులు పట్టి బతికినవాణ్ణి, ఎన్నాళ్ళు ఓర్చుకుంటాను? ముప్పయ్యో సీజన్‌లో ఒక రైఫిల్ వచ్చింది. దాని ముందు మిగతావన్నీ చీపురుపుల్లలని ప్రపంచం ఏకగ్రీవంగా తేల్చింది. దగ్గు తుపాకి బదులు అదే నా చేతికి రావాలని నాలుగు పేజీల విజ్ఞాపన పత్రం రాశాను. ఇరవై ఏడు అభ్యంతరాలు, ప్రతిదాని చివరా 'దీనికి ఆధారమేది?' అన్న ప్రశ్న. ఆదివారం అందరి ముందూ చదివాను. ముందు గదిలో సెట్టు కోసం వచ్చిన ఒకావిడ కూడా ఉంది.

బావ అంతా విని, "నాకు అలా తోచింది," అన్నాడు.

"తోచడమేమిటి బావా? కొలత ఉండద్దూ?"

"ఉంది లేరా."

"ఏది? చూపించు!"

అక్క అందుకుని, "నోరు మూసుకుని ఆడరా, పెద్ద మొనగాడివి," అంది. నాకు ఉక్రోషం వచ్చింది. వచ్చి, ఇలా అన్నాను:

"పళ్ళ సెట్లు కూడా ఇలాగే తోచినట్టు చేస్తున్నావా బావా? జనం నోళ్ళల్లో ఏం పెడుతున్నావో తలుచుకుంటే భయమేస్తోంది."

ముందు గదిలో ఆవిడ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. వేల ప్రూఫులు దిద్దాను, అచ్చుకి వెళ్ళే ముందు ఎన్నో వాక్యాలు కొట్టేశాను. ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యలేకపోయాను.

ఓటింగు పెట్టాం. నేనూ ఫొటోగ్రాఫరూ ఇటు, అక్క అటు. బావ కూడా అటే ఓటేస్తే సరిసమానం, నాయకుడి మాట నెగ్గుతుంది. బావ చెయ్యి నా వైపు ఎత్తాడు. చేతులు కడుక్కోకుండానే వెళ్ళి, దగ్గు తుపాకిని ముప్పై ఒకటో ర్యాంకుకి దించాడు. ముప్పై తొమ్మిదో సవరణ ఒక్కటే ప్రకటన లేకుండా జరిగింది.

కొత్త రైఫిల్ నా చేతికొచ్చింది. పదకొండు ఆదివారాలు. నా గుళ్ళు తగిలినవి రెండంటే రెండు. ఒకటి చెట్టుకి. రెండోది ఫొటోగ్రాఫరుకి.

"కదలకుండానే ఉన్నానే!" అని వాపోయాడాయన.

బావ తుప్పు వదిలించమని అనలేదు. జాబితా ఊసే ఎత్తలేదు. నేనే లోలోపల దగ్గు తుపాకి కోసం తహతహలాడుతూ, అడగడానికి మొహం చెల్లక, ఆదివారాలు ఏదో ఒక వంకతో మానడం మొదలుపెట్టాను. గోడలు మళ్ళీ పలకరించాయి. అడుగుదామని చివరికి గట్టిగా నిశ్చయించుకున్న వారంలోనే ఆట కంపెనీ నోటీసు పెట్టింది: మొదటి అయిదు సీజన్ల ఆయుధాలు శాశ్వతంగా తొలగించడమైనది. ఆ తుపాకి ఇక ఎవరికీ దగ్గదు.

తరవాతి నెలలో బావ పనిగదికి సున్నం వేయించారు. సామాను సర్దడానికి రమ్మని అక్క కబురు పెడితే వెళ్ళాను. మేకులు పీకేసిన జాబితా బల్ల మీద బోర్లా పడి ఉంది. వెనక వైపు నేనెప్పుడూ చూడలేదు. నిండా సన్నటి పెన్సిల్ గీతలు. ప్రతి తుపాకి పేరు కిందా తేదీలు, ప్రతి తేదీ పక్కనా 'వాడు: పదికి ఇన్ని'. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. దగ్గు తుపాకి దగ్గర మాత్రం నాలుగు, మూడు, అయిదు, నాలుగు. ఇరవై రెండో సవరణ తేదీ వెతికాను. మెరుపు రైఫిల్: సున్నా. పక్కనే బ్రాకెట్లో 'వాడికి జలుబు'.

తిప్పి చూశాను. మళ్ళీ తిప్పాను. నేను దింపించిన దగ్గు తుపాకి తప్ప, ర్యాంకులన్నీ ఆ అంకెల వరసలోనే ఉన్నాయి. ఇరవై ఏడుసార్లు నేనడిగిన ఆధారం అదే. ఆ జాబితా కొలిచింది తుపాకుల్ని కాదు, నన్ను.

"నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"తెలీకేం? 'వాడు ఒక్కటన్నా కొట్టకపోతే వచ్చే ఆదివారం రాడు, ఇక్కడికి రాకపోతే ఇంకెక్కడికీ రాడు' అనేవారు ఈయన. నీతో చెప్పద్దని ఒట్టు. ఆ అచ్చులు కింద పెట్టు, పగిలిపోతాయి."

బావ ముందు గదిలో ఒక దవడని దీపం ముందు పెట్టి చూస్తున్నాడు. పక్కన నిలబడ్డాను.

"బావా, ఆవేళ పళ్ళ సెట్ల గురించి అన్న మాట..."

"అందులో తప్పేముందిరా? సెట్లకీ అలాగే ఇస్తాను ర్యాంకు. ఎవరి నోట్లో కదలకుండా కూచుంటే వాళ్ళకి అది మొదటిది." దవడని తిప్పి మళ్ళీ చూశాడు. "ఆవేళ ముందు గదిలో ఉన్నావిడ మాత్రం సెట్టు పక్క వీధిలో చేయించుకుందిలే."

నేను తల దించుకున్నాను.

"వీలైతే ఆదివారం రా. ఆరో సీజన్ నించీ మిగిలినవాటికి తుప్పు పట్టి ఉంటుంది," అన్నాడు.

వెళ్ళాను. అన్నిటితోనూ కాల్చాను. అన్నిటికీ సున్నా. ఈసారి వెనక పెన్సిల్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. బావ చాలాసేపు ఆలోచించి, చేతులు కడుక్కుని వచ్చి, కొత్త కాగితం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మొదటి ర్యాంకు, తొమ్మిదో సీజన్ ఇనప డాలు."

"డాలు ఆయుధం కాదు మాస్టారూ!" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఇవాళ్టి నించీ ఆయుధమే. చిన్నవాడివి, నువ్వు మోయరా."

"ఆధారమేది?" అని అడిగింది అక్క, నా వైపు చూస్తూ. నేను డాలు అందుకున్నాను.

అప్పట్నించీ డాలు పట్టుకుని ముందు నేను నడుస్తాను, నా వెనక ముగ్గురూ నక్కి నడుస్తారు. జాబితా ఇప్పుడు నలభై ఆరో సవరణలో ఉంది. ఈ ఏడేళ్ళలో మా జట్టు మొత్తం నాలుగు ఆటలు గెలిచింది.